కెడెల్‌స్టన్ హాల్‌లో హౌస్‌కీపింగ్: నా అనుభవం

ఇంగ్లండ్‌లో డెర్బీ ఊరికి దగ్గర్లో కెడెల్‌స్టన్ హాల్ అని ఒక పాత జమీందారీ మేడ ఉంది. 1759లో మొదలుపెట్టి కర్జన్ కుటుంబం కట్టించుకున్నది. మన దేశానికి వైస్రాయిగా వచ్చిన లార్డ్ కర్జన్ పుట్టింది ఆ ఇంట్లోనే. 1987 నుంచి అది పాత మేడల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సంరక్షణలో ఉంది. కుటుంబం వాళ్ళు ఇప్పటికీ ఒక పక్క భాగంలో ఉంటారు, మిగతా పెద్ద గదులన్నీ జనం చూడ్డానికి తెరుస్తారు. ఆ గదుల్ని చూసుకునే హౌస్‌కీపింగ్ బృందంలో నేను పనిచేస్తున్నాను. అక్కడ చేరినవాళ్ళకి మొట్టమొదట నేర్పేది, ఏ వస్తువుని ఎప్పుడు ముట్టుకోకూడదో.

మావారి ఉద్యోగం డెర్బీలో. పిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక పగలంతా ఖాళీగా అనిపించి, శీతాకాలం శుభ్రతకి వాలంటీర్లు కావాలంటే దరఖాస్తు పెట్టాను. అర్హతలేమీ అడగలేదు. కళ్ళూ చేతులూ నిదానంగా పనిచేస్తాయా, పరంజా ఎక్కడానికి భయమా, ఒకే పని గంటల తరబడి చెయ్యగలరా అని అడిగారు. కొన్నాళ్ళు వాలంటీరుగా చేశాక పార్ట్ టైమ్ జీతానికి తీసుకున్నారు. అమ్మకి ఫోన్‌లో చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివించింది ఒకళ్ళింట్లో దుమ్ము దులపడానికా తల్లీ?" అంది. ఆ మాటకి నాకు బాధ కలిగిన మాట నిజం. కానీ నేను చదివిన కెమిస్ట్రీ అంతా అక్కరకొచ్చింది ఈ పనిలోనే. తేమ, వెలుతురు, ఆమ్లం, లోహం మీద పట్టే చిలుము, పట్టు ఎందుకు చీకుతుంది, సుద్ద పూత నీళ్ళకి ఎందుకు మెత్తబడుతుంది. రోజూ ఆలోచించాల్సినవి ఇవే.

శిక్షణలో మొదటి పూట ఒంటి మీద గీరుకునేవన్నీ తీయించారు. ఉంగరాలు, వాచీ, గాజులు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు. వార్నిష్ మీద ఒక్క గాజు గీరుకుంటే ఆ గీత ఇక పోదు. మంగళసూత్రం తియ్యనన్నాను. మా హౌస్ మేనేజర్ పెద్దావిడ, అదేం పెద్ద విషయం కాదన్నట్టు, చొక్కా లోపలికి తోసుకుని మెడ దాకా బొత్తాలు పెట్టుకుని పైన ఏప్రన్ కట్టుకోమన్నారు. ఇప్పటికీ అలాగే వెళ్తాను. తర్వాత చేతుల సంగతి. లోహపు వస్తువులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, ఎందుకంటే చేతి చెమటలోని ఉప్పు వెండినీ ఇత్తడినీ తినేస్తుంది. పింగాణీకి మాత్రం శుభ్రంగా కడుక్కుని ఆరబెట్టుకున్న ఉత్త చేతులే మంచివి. గ్లవ్స్‌తో పట్టు జారుతుంది. ఏ వస్తువైనా రెండు చేతులతో పట్టుకోవాలి, దాని పిడి పట్టుకుని ఎత్తకూడదు, ఎత్తే ముందే ఎక్కడ దించాలో చోటు సిద్ధం చేసుకోవాలి. కుర్చీని చేతుల దగ్గరో వీపు దగ్గరో పట్టుకుని లేపడం మనందరి అలవాటు. రెండు వందల యాభై ఏళ్ళ కుర్చీకి ఊడొచ్చేవి సరిగ్గా ఆ అతుకులే. కూర్చునే పలక కింద ఉండే చట్రాన్ని ఇద్దరు చెరో పక్కా పట్టి ఎత్తాలి, ఈడ్చకూడదు.

అసలు పని కుంచెలతో. గుర్రపు వెంట్రుకల కుంచెలు మెత్తగా ఉంటాయి. అవి బంగారు రేకు పూత ఉన్న చెక్కడాలకి, పింగాణీకి, నున్నటి వార్నిష్ కొయ్యకి. పంది వెంట్రుకల కుంచెలు బిరుసు. అవి రాతికి, గట్టి కొయ్య చెక్కడాలకి. ఒకదానికి వాడింది ఇంకోదానికి వాడకూడదు కాబట్టి ప్రతి కుంచె పిడి మీదా అది దేనికో రాసి ఉంటుంది. వెంట్రుకల్ని పట్టి ఉంచే రేకు వస్తువుకి తగిలితే గీత పడుతుందని దాని చుట్టూ టేపు చుడతాం. ఎడమ చేతిలో వీపుకి తగిలించుకున్న వాక్యూమ్ గొట్టం, కుడి చేతిలో కుంచె. గొట్టం మూతికి సన్నటి వల కడతాం. కుంచెతో దుమ్ముని మెల్లగా గొట్టం వైపు తోస్తే అది గాల్లో ఉండగానే లోపలికి పోతుంది. గొట్టం వస్తువుకి తగలకూడదు. పొరపాటున ఏ చెక్కముక్కో, పూత పెచ్చో ఊడొస్తే వల దగ్గర ఆగుతుంది. దాన్ని చిన్న కవర్‌లో వేసి, ఏ గదిలో ఏ వస్తువు మీదనుంచి ఎప్పుడు రాలిందో రాసి భద్రపరుస్తాం. గోరంత పెచ్చుని కూడా పారెయ్యం. ఏదో ఒక రోజు కన్జర్వేటర్, అంటే పాత వస్తువుల్ని బాగుచేసే నిపుణులు, వచ్చి దాన్ని తిరిగి అతికిస్తారు.

బంగారు పూత గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడి కుర్చీలకీ అద్దాల చట్రాలకీ కొయ్య మీద సుద్దా, జంతువుల జిగురూ కలిపి పూసి, దాని మీద అతి పల్చటి బంగారు రేకు అంటించి ఉంటుంది. నీళ్ళు తగిలితే ఆ జిగురు ఉబ్బి కరుగుతుంది, సుద్ద మెత్తబడి బంగారం దానితో పాటే లేచి వస్తుంది. అంటే మనం ప్రేమగా తడిగుడ్డతో తుడిస్తే ఆ వస్తువుని చేజేతులా చంపినట్టే. ఇత్తడి, కంచు సామాన్లు కూడా అంతే. మా ఇంట్లో పండగ ముందు చింతపండుతో తోమి తళతళలాడించిన చెయ్యి నాది. అక్కడ మెరుపు తగ్గిన కంచు అలంకారాల్ని చూస్తే మొదట్లో చేతులు ఊరుకునేవి కావు. కానీ చాలావాటి మీద పల్చటి బంగారు మెరుగు ఉంటుంది. తోమిన ప్రతిసారీ అది కొంత పోతుంది, ఒకసారి పోతే మళ్ళీ రాదు. అందుకే ఒక్కో వస్తువుకి ఒక్కో లెక్క. సందర్శకులు నడిచే దారి పక్కన ఉన్న బల్లల్ని రోజూ చూస్తాం. లోపలి వాటిని వారానికో నెలకో. మరికొన్నిటిని ఏడాదికి ఒక్కసారే ముట్టుకుంటాం. దులపడం కూడా ఒక రాపిడే కదా.

మరి దుమ్ముని అలా వదిలెయ్యొచ్చా అంటే అదీ కుదరదు. జనం బట్టల నూలు పోగులు, చర్మపు పొట్టు, చెప్పులతో వచ్చే మట్టి, ఇవే అక్కడి దుమ్ములో ఎక్కువ భాగం. గాల్లో తేమ పెరిగితే ఆ దుమ్ము వస్తువుకి సిమెంటులా పట్టేస్తుంది, ఆ తర్వాత కుంచెకి రాదు. అందుకని దుమ్ము గురించి ఆలోచించేవాళ్ళు తేమ గురించి కూడా ఆలోచించాలి.

ఈ తేమ సంగతే నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది. నాది రాజమండ్రి. చలి అంటే సంక్రాంతి పొద్దున్నే స్వెట్టర్ వేసుకోవడం. ఆ మేడలో జనవరిలో పనిచేస్తుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. గోడల మీద హీటర్లు ఉన్నాయి, కానీ అవి మనుషుల కోసం కావు. మామూలు ఇళ్ళలో చలి పెరిగితే హీటర్ వెలుగుతుంది. అక్కడ తేమ పెరిగితే వెలుగుతుంది. హ్యుమిడిస్టాట్ అనే పరికరం గాల్లో తేమని కొలుస్తూ, దాదాపు 50 నుంచి 65 శాతం మధ్య ఉండేలా వేడిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. 65 దాటి అలాగే ఉండిపోతే బూజు పడుతుంది, పురుగులకి పండగ. బాగా తగ్గితే కొయ్య ఎండి బీటలిస్తుంది, పైన అతికించిన పల్చటి చెక్కపొరలు లేచిపోతాయి. మనకి హాయిగా ఉండే వెచ్చదనం ఇస్తే గాలి మరీ పొడిబారి బల్లలన్నీ పగులుతాయి. అందుకని థర్మల్ బనీను మీద రెండు స్వెట్టర్లు వేసుకుని, సందు దొరికినప్పుడల్లా వంటగది దగ్గరకెళ్ళి టీ తాగి వస్తాం.

వెలుతురు ఇంకో శత్రువు. తేమని సరిచెయ్యొచ్చు. వెలుతురు వల్ల పోయిన రంగుని ఏ కన్జర్వేటరూ వెనక్కి తేలేరు. పట్టు, నీటిరంగుల చిత్రాల లాంటి వాటి మీద 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) మించి పడకూడదన్నది అందరూ పాటించే నియమం. బయట ఎండలో అది వేలల్లో, ఎండాకాలం మధ్యాహ్నం లక్ష దాకా కూడా ఉంటుంది. ఇంకో సంగతేమిటంటే వెలుతురు దెబ్బ కూడుతూ పోతుంది. ఒక గంట ఎక్కువ వెలుతురు పడితే ఆ గంట ఆ పట్టు ఆయుష్షులోంచి పోయినట్టే లెక్క. అందుకే ఏడాది మొత్తానికి ఎన్ని లక్స్ గంటలు అనేది లెక్కకడతారు. రోజంతా సూర్యుడు తిరుగుతుంటే మేం లక్స్ మీటర్ పట్టుకుని గది గదికీ తిరుగుతూ కిటికీ బ్లైండ్లు దించుతూ ఎత్తుతూ ఉంటాం. జనం వెళ్ళిపోగానే లోపలి చెక్క తలుపులు కూడా మూసేస్తాం.

ఈ జాగ్రత్త ఎందుకో నాకు గుండెకి హత్తుకునేలా తెలిసింది నెమలి గౌను దగ్గర. 1903 జనవరిలో ఢిల్లీ దర్బారు సందర్భంగా జరిగిన బాల్‌లో లేడీ కర్జన్ వేసుకున్న గౌను అది. గౌనంతా నెమలి పింఛాల బొమ్మలు, బంగారు, వెండి తీగెలతో జర్దోజీ పని. ఒక్కో పింఛం కన్ను దగ్గర ఆకుపచ్చగా మెరిసే పురుగు రెక్క కుట్టి ఉంటుంది. ఆ కుట్టుపని చేసింది మన దేశపు కారిగర్లు. తర్వాత బట్టని పారిస్ పంపి, అక్కడ గౌన్లు కుట్టే వర్త్ అనే సంస్థ దగ్గర గౌనుగా కుట్టించారు. బరువు నాలుగు కిలోల పైమాటే. ఆ లోహపు బరువుకి కింది పట్టు మెల్లగా చీకుతుంది, దానికి వెలుతురు కూడా తోడైతే ఇంకా తొందరగా పోతుంది. అందుకే గదిని చీకటిగా, గౌనుని గాజు పెట్టెలో ఉంచుతారు. నేను చేసేదల్లా పెట్టె బయట గాజు తుడవడం, వెలుతురు కొలవడం. గౌనుని ముట్టుకునే అర్హత శిక్షణ పొందిన టెక్స్‌టైల్ కన్జర్వేటర్లది.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. కర్జన్ 1905లో బెంగాల్‌ని విడగొట్టాడు. దాని మీద లేచిన వందేమాతరం ఉద్యమం మా గోదావరి దాకా వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ఉపన్యాసాలిచ్చారు, వందేమాతరం అన్నందుకు అక్కడి కాలేజీ విద్యార్థుల్ని వెళ్ళగొట్టారు. చిన్నప్పుడు బళ్ళో ఇది చదువుకున్నదాన్ని. అలాంటిది ఆ మనిషి ఇంట్లో దుమ్ము దులపడం నాకు తేలిగ్గా మింగుడు పడలేదు. కింది అంతస్తులో ఆయన తూర్పు దేశాల నుంచి తెచ్చుకున్న వస్తువుల మ్యూజియం ఉంది. అక్కడ పనిచేసిన మొదటి వారం ఇంటికొచ్చి మావారితో రాత్రి చాలాసేపు మాట్లాడాను. చివరికి నాకు తోచింది ఇది: ఆ దంతపు పనీ, ఆ జర్దోజీ చేసిన చేతుల పేర్లు ఎక్కడా రాసి లేవు. వాళ్ళ గురించి మిగిలింది ఆ పని ఒక్కటే. దాన్ని చీకిపోకుండా కాపాడే అవకాశం నాకొచ్చింది. ఆ వస్తువులు చివరికి ఎవరి దగ్గర ఉండాలన్నది పెద్ద ప్రశ్న, దాన్ని గట్టిగానే అడగాలి. కానీ ఆ జవాబు వచ్చే నాటికి వస్తువు మిగిలుండాలి కదా.

చలికాలంలో పెద్ద గదులు మూసి ఏడాది శుభ్రత చేస్తాం. అదే మాకు అసలైన కాలం. సందర్శకులు ఉన్నప్పుడు చెయ్యలేనివన్నీ అప్పుడే. నాకు బాగా ఇష్టమైంది పందిరి మంచం పని. దాని స్తంభాలు తాటి జాతి చెట్ల బోదెల్లా చెక్కారు, పైకి వెళ్ళేసరికి మట్టలు విచ్చుకుంటాయి. ఆ మట్టల సందుల్లో దుమ్ము కూర్చుంటుంది. చిన్న పరంజా కట్టి, పై నుంచి కిందికి, ఒక్కో ఆకూ, ఒక్కో ఆకూ. ముందు టార్చిని పక్కనుంచి వేసి చూడాలి. ఎక్కడైనా పూత లేచి ఉంటే దాని నీడ తెలుస్తుంది. అలాంటి చోట కుంచె పెట్టకుండా గుర్తు రాసుకుని కన్జర్వేటర్‌కి చెబుతాం. ఒక పూటంతా చేస్తే పూర్తయింది చూడ్డానికి ఏమంత ఉండదు. ఇద్దరం ఒకే స్తంభానికి చెరోవైపు ఉంటాం, మాట్లాడుకోం. ఆ పనిలో పడితే మధ్యాహ్నం ఎప్పుడైందో తెలియదు.

మార్బుల్ హాల్ అనే ముందు హాల్లో 20 పాలరాతి లాంటి అలబాస్టర్ స్తంభాలు, గోడ గూళ్ళలో ప్రాచీన శిల్పాల ప్లాస్టర్ నకళ్ళు ఉన్నాయి. ప్లాస్టర్ నీళ్ళు పీల్చుకుంటుంది, మురికిని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి అక్కడా పొడి కుంచే. పుస్తకాలకైతే గట్టిగా మూసి పట్టుకుని, పై అంచు మీద వెన్ను వైపు నుంచి బయటికి దులపాలి. తిరగేసి చేస్తే దుమ్ము వెన్నులోకి దిగిపోతుంది. పని అయిన గదిలో సామాన్లకి ఉతికిన నూలు ముసుగులు వేస్తాం. ఒక్కో కుర్చీకి దాని కొలతకే కుట్టిన ముసుగు, లోపల పేరు రాసిన పట్టీతో. ఆ ముసుగులు ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం కూడా మా పనే.

పురుగుల కోసం గది మూలల్లో జిగురు పూసిన చిన్న అట్ట ఉచ్చులు పెడతాం. మూడు నెలలకోసారి వాటిని భూతద్దంతో చూసి, ఏ పురుగు ఎన్ని అని రాసుకోవాలి. బట్టల చిమ్మట పిల్లలు, కార్పెట్ పురుగు గొంగళులు ఉన్ని, పట్టు, ఈకలు తింటాయి. సిల్వర్‌ఫిష్ అనే పురుగు ఎక్కువ పడిందంటే ఆ మూల చెమ్మ ఉందన్నమాట, పురుగుని వదిలి చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాలి. మన ఇళ్ళలో పట్టుచీరల మధ్య నాఫ్తలీన్ గోళీలు వేస్తాం. అక్కడ ఆ పద్ధతి లేదు. పురుగు పట్టిన బట్టని పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెడతారు. మైనస్ 30 డిగ్రీల్లో మూడు రోజులు, మామూలు ఫ్రీజర్ మైనస్ 18 అయితే రెండు వారాలు. బయటికి తీశాక గది వేడికి పూర్తిగా వచ్చేదాకా కవర్ విప్పకూడదు, లేకపోతే బట్ట మీద నీళ్ళు చేరతాయి.

ఇక మంటల సంగతి. 1989లో అప్‌పార్క్ అనే మేడ కాలింది, 2015 ఏప్రిల్‌లో క్లాండన్ పార్క్. క్లాండన్‌లో కొన్ని గంటల్లోనే చాలా భాగం కాలిపోయి గోడలు మాత్రమే మిగిలాయి. అప్పట్నుంచి ఏ మేడలోనైనా ఈ పనివాళ్ళ మనసులో ఆ భయం ఉంటుంది. ముందు ఏవి బయటికి తియ్యాలో జాబితా ఉంటుంది. ఒక్కో వస్తువుకీ ఒక కాగితం: ఫొటో, ఎక్కడుంది, గోడకి ఎలా బిగించి ఉంది, ఎంతమంది మొయ్యాలి, ఏ పనిముట్టు కావాలి. పొగలో ఫైర్ సిబ్బంది చదవగలిగేలా రాయాలి. కసరత్తు చేసేటప్పుడు అసలు వస్తువుల బదులు అట్టపెట్టెలు మోస్తాం. కొన్నిటికి జాబితాలో చోటు ఉండదు. ఏడాదంతా చేతులారా చూసుకున్న వస్తువు జాబితాలో లేదని తెలుసుకోవడం చాలా కష్టంగా ఉంటుంది.

ఆ ఇంట్లో మిసెస్ గార్నెట్ చిత్రపటం ఉంది. 1766 నుంచి 1809 దాకా ఆవిడ అక్కడ హౌస్‌కీపర్. చేతిలో ఇంటి వివరాల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ రోజుల్లోనే కెడెల్‌స్టన్ చూడ్డానికి ఊళ్ళ నుంచి జనం వచ్చేవారు, వాళ్ళకి ఇల్లు తిప్పి చూపించడం కూడా హౌస్‌కీపర్ పని. 1777లో ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్, ఆయన జీవితచరిత్ర రాసిన బాస్వెల్ వచ్చినప్పుడు ఇల్లు చూపించింది ఆవిడే, ఎంత స్పష్టంగా మాట్లాడిందో బాస్వెల్ మెచ్చుకుని రాసుకున్నాడు. ఆ కాలపు పనివాళ్ళు తివాచీల మీద తడి టీ ఆకు చల్లి ఊడ్చేవారు, గోడకాగితాల్ని పాతబడిన రొట్టెతో రుద్దేవారు. ఇప్పుడు అవేవీ చెయ్యం. కానీ ముసుగులు వెయ్యడం, ఎండ పడకుండా తెరలు దించడం వాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవే. లక్స్ మీటర్ లేకుండానే వాళ్ళకి ఆ సంగతి తెలుసు. పెద్ద పెద్ద దొరల బొమ్మలున్న ఇంట్లో పనిచేసిన మనిషి బొమ్మ కూడా ఉండటం నాకు గర్వంగా ఉంటుంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ముందు తీసుకెళ్ళి చూపించింది ఆవిణ్ణే. అమ్మ ఆ పటం ముందు నిలబడి, "నలభై ఏళ్ళకి పైనే చేసిందా!" అని చాలాసేపు చూసింది. ఆ తర్వాత మళ్ళీ నా చదువు మాట ఎత్తలేదు.

వేసవిలో లెస్టర్, నాటింగ్‌హామ్ నుంచి తెలుగు కుటుంబాలు వస్తుంటాయి. మాట వినబడగానే నేనే వెళ్ళి పలకరిస్తాను. "ఇంత పెద్ద ఇల్లు, లైట్లు వేసుకోరేంటండీ?" అని అడుగుతారు. పిల్లలైతే గౌను సరిగ్గా కనపడటం లేదని గొడవ చేస్తారు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కాసేపు ఆగమని చెప్పి, పట్టు సంగతీ వెలుతురు సంగతీ తెలుగులో మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ఈలోపు పురుగు రెక్కలు ఒక్కొక్కటే వాళ్ళకి కనపడటం మొదలుపెడతాయి, ఇక అక్కణ్నుంచి ప్రశ్నలు వాళ్ళవి.